దెయ్యం పుట్టుపూర్వోత్తరాలు చెబితే భయం మిగులుతుందా?

రెండో ఆట:

మిత్రులందరికీ నమస్కారం. ఇంట్లో ఒక చిన్న తగవుగా మొదలై, వారం రోజులుగా నన్ను ఆలోచింపజేస్తున్న ప్రశ్న ఇది.

మా చెల్లెలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇన్నాళ్లూ దెయ్యాల సినిమాల జోలికి పోనిది, ఈ సెలవుల్లో ‘ది కంజూరింగ్’ వరుసలోని చిత్రాలన్నీ చూస్తానని పట్టుబట్టింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న దగ్గరే మా ఇద్దరికీ పొసగలేదు. కథ జరిగిన సంవత్సరాలను బట్టి పేర్చిన పట్టిక ఒకటి సంపాదించి, 1952లో రుమేనియాలో జరిగే ‘ది నన్’తో మొదలుపెట్టి, 1955 నాటి ‘అనబెల్: క్రియేషన్’, 1967 నాటి ‘అనబెల్’ చూసిన తరువాతే 1971లో జరిగే ‘ది కంజూరింగ్’కు రావాలని ఆమె అంటోంది. చరిత్ర పుస్తకాన్ని ఎవరూ మధ్య పేజీ నుంచి చదవరు కదా అన్నది ఆమె వాదన.

నేను వీటిని విడుదలైన క్రమంలోనే చూశాను. 2013లో హైదరాబాదులో చదువుకుంటున్నప్పుడు హాస్టలు మిత్రులతో కలిసి మొదటి చిత్రానికి రెండో ఆటకు వెళ్లాను. అందులో గాజు పెట్టెలో కూర్చున్న బొమ్మ ఎవరిదో, దానికి ఆ గతి ఎందుకు పట్టిందో నాకు సరిగా తెలియదు. తెలియకపోవడం వల్లనే, గదికి తిరిగి వచ్చి దుప్పటి కప్పుకున్న తరువాత కూడా అది నా వెంటే వచ్చినట్టు అనిపించింది. మరుసటి ఏడాది అదే బొమ్మ మీద విడిగా చిత్రం వచ్చినప్పుడు ఎంతో ఆశతో వెళ్లి, మొదటినాటి భయంలో పదో వంతు కూడా దక్కక తిరిగి వచ్చాను.

కొత్తగా చూసేవారికి ఏ క్రమం మంచిదో చెప్పగలరు. అంతకన్నా ముఖ్యంగా, ఒక దెయ్యం గతాన్నో ఒక హంతకుడి బాల్యాన్నో చెప్పడానికి తీసిన ప్రీక్వెల్, మొదటి చిత్రానికి బలం చేకూర్చిన సందర్భం మీకు ఎదురైందా అన్నది తెలుసుకోవాలని ఉంది.

నేల టికెట్టు:

విడుదలైన క్రమమే సరైనదని నా గట్టి నమ్మకం. కథాకాలాన్ని బట్టి వేసిన పట్టిక చూడటానికి చరిత్రలా కనిపిస్తుంది గాని, ఈ చిత్రాలను ఎవరూ ఆ క్రమంలో ఊహించలేదు. 2016లో వచ్చిన ‘ది కంజూరింగ్ 2’ను తీసుకోండి. అందులో దెయ్యం కనిపించే సన్యాసిని రూపం, చిత్రీకరణ చాలావరకు పూర్తయిన తరువాత దర్శకుడు జేమ్స్ వాన్ మళ్లీ తీసిన సన్నివేశాలలో చేరింది. అంటే ‘ది నన్’లోని 1952 నాటి కథ అంతా, ఈ 1977 నాటి కథకు ఆఖరి దశలో వేసిన ఒక అతుకులోంచి మొలిచింది. దెయ్యాలను పరిశోధించే దంపతులు ఎడ్, లొరేన్ వారెన్‌లు ఈ చిత్రాల ముఖ్య పాత్రలు. ఎడ్ గీసిన ఆ సన్యాసిని పటం ఉన్న గదిలో లొరేన్ ఒంటరిగా చిక్కుకున్నప్పుడు, ఒక నీడ గోడ వెంబడి నడిచి వచ్చి ఆ పటం వెనుకకు చేరుతుంది. అంచులను వేళ్లు పట్టుకుంటాయి. ఆ నీడ ఎవరిదో తెలియని మనిషి చూడవలసిన సన్నివేశం అది. ‘ది నన్’ ముందే చూసి వచ్చినవారికి ఆమె పాత పరిచయస్థురాలు అయిపోతుంది, ఇక ఆ గదిలో మిగిలేది ఉలికిపాటు ఒక్కటే.

2014 నాటి ‘అనబెల్’ మిమ్మల్ని ఎందుకు నిరాశపరిచిందో నాకు అర్థమైంది. దాదాపు 65 లక్షల డాలర్లతో తీసిన ఆ చిత్రం ప్రపంచమంతటా 25 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది కాబట్టి, నిర్మాతల వైపు నుంచి చూస్తే అది గొప్ప విజయమే. కాని మొదటి చిత్రంలో ఆ బొమ్మ చేసిన పని చాలా తక్కువ. అది కూర్చుని ఉండేది, అంతే. కూర్చుని ఉన్న వస్తువు ఎప్పుడు లేస్తుందోనన్న ఎదురుచూపే అక్కడ భయం. దానినే గంటన్నర పాటు కథానాయికగా నిలబెట్టేసరికి ఆ ఎదురుచూపు చచ్చిపోయింది.

అయితే, 2017లో డేవిడ్ శాండ్‌బర్గ్ తీసిన ‘అనబెల్: క్రియేషన్’ను మాత్రం దీనితో కలిపి కొట్టివేయవద్దని కోరుతున్నాను. అది ప్రీక్వెల్‌కు మళ్లీ ప్రీక్వెల్. కాగితం మీద చూస్తే ఆశ పెట్టుకోవలసిన సరుకు కాదు. అయినా అది నిలబడింది, ఎందుకంటే అది బొమ్మ కథ కన్నా ముందు ఒక తల్లిదండ్రుల కథ. బొమ్మలు చేసే తండ్రి, రోడ్డు ప్రమాదంలో పోయిన చిన్న కూతురు, ఆమెను ఎలాగైనా మరొక్కసారి చూడాలని ఏ శక్తికి మొక్కుతున్నామో కూడా అడగకుండా మొక్కిన ఇద్దరు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటిని దగ్గరగా చూసినవారు ఎవరైనా ఆ తప్పును అర్థం చేసుకుంటారు. పన్నెండేళ్ల తరువాత ఆ ఇంటికి అనాథ బాలికలు వస్తారు. వారిలో జానిస్‌కు పోలియో వల్ల కాలు సరిగా పనిచేయదు. మెట్ల పక్కన అమర్చిన కుర్చీలో కూర్చుని పైకి వెళ్లవలసిన ఆ పిల్ల, పారిపోవలసిన క్షణంలో ఆ కుర్చీ నెమ్మదికి లోబడిపోతుంది. కెమెరా తొందరపడదు. ఆ సన్నివేశం నేను ఇప్పటికి మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అరచేతులు తడిశాయి.

పాత రీలు:

ప్రశ్న బాగుంది. నేను దీనిని కంజూరింగ్ నుంచి కాక, ఈ జబ్బు మొదట ముదిరిన చోటు నుంచి చూడాలనుకుంటున్నాను.

జాన్ కార్పెంటర్ 1978లో తీసిన ‘హాలోవీన్’లో మైకేల్ మయర్స్ అనే ఆరేళ్ల పిల్లవాడు తన అక్కను పొడిచి చంపుతాడు. ఎందుకు? చిత్రం చెప్పదు. పదిహేనేళ్ల పాటు అతడిని చూసిన వైద్యుడు లూమిస్ కూడా, అతడి కళ్ల వెనుక చెడు తప్ప ఇంకేమీ కనబడలేదని చేతులెత్తేస్తాడు. చిత్రం చివర వచ్చే పేర్లలో, ముసుగు వేసుకున్న పాత్రకు పేరు బదులు కేవలం ‘ఆకారం’ అని వేశారు. లారీ అనే అమ్మాయి వెంట అతడు ఎందుకు పడ్డాడంటే, ఆ ఉదయం ఆమె అతడి పాత ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చింది, అంతే. ఆ స్థానంలో ఎవరైనా ఉండవచ్చు, మనమైనా ఉండవచ్చు. ఆ చిత్రం వెన్నెముక అదే.

1981లో వచ్చిన రెండో భాగం ఆ ఎముకను విరిచింది. కార్పెంటర్, డెబ్రా హిల్ కలిసి రాసిన ఆ కథలో లారీ అతడి చెల్లెలని తేలింది. ఒక్క సంభాషణతో ‘ఎవరైనా కావచ్చు’ అన్న భయం కాస్తా కుటుంబ వ్యవహారంగా మారింది. ఇక మన ఇంటికి అతడు రావలసిన అవసరం లేదు. ఆ తరువాత ఏళ్ల తరబడి వచ్చిన భాగాలు మేనకోడలి చుట్టూ, శాపాల చుట్టూ, రహస్య కూటమి చుట్టూ తిరిగాయి. 2007లో రాబ్ జాంబీ తీసిన చిత్రం ఇంకొక అడుగు ముందుకు వేసి, అతడి బాల్యాన్నీ, ఇంట్లో తాగుబోతు మగవాడినీ, బడిలో ఏడిపించిన పిల్లలనూ చాలాసేపు చూపించింది. ఆ భాగాన్ని శ్రద్ధగానే తీశారు, పిల్లవాడి మీద జాలి కూడా కలిగింది. కాని జాలి కలిగిన తరువాత, అదే చిత్రం రెండో సగంలో అతడిని చూసి వణకమంటే నా వల్ల కాలేదు. చివరికి 2018లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ మొదటి చిత్రాన్ని ఒక్కదాన్నే నిజమని తీసుకుని, మిగిలినవన్నీ జరగలేదన్నట్టు కథ అల్లవలసి వచ్చింది. ఆ చెల్లెలి సంబంధాన్ని ఒక పాత్ర చేత పుకారుగా కొట్టిపారేయించాడు. నలభై ఏళ్ల తరువాత ఒక మాటను వెనక్కి తీసుకోవడానికి కొత్త చిత్రం తీయవలసి వచ్చిందంటే, ఆ మాట ఎంత నష్టం చేసిందో ఆలోచించండి.

ఇక ప్రీక్వెల్ విషయానికి వస్తే, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ‘ది ఎగ్జార్సిస్ట్’ చరిత్ర. విలియం ఫ్రీడ్కిన్ తీసిన 1973 నాటి చిత్రంలో ఫాదర్ మెర్రిన్ గతం గురించి మనకు దొరికేది దాదాపు ఒక్క మాటే: ఏళ్ల క్రితం ఆఫ్రికాలో ఒక భూతవైద్యం చేశాడనీ, అది నెలల తరబడి సాగి ఆయన ప్రాణం మీదకు తెచ్చిందనీ. ఆ మాట విన్నప్పుడు మన మనసులో ఒక చీకటి గది తెరుచుకుంటుంది. అందుకే పొగమంచులో, వీధి దీపం కింద, చేతిలో సంచితో ఆయన దెయ్యం పట్టిన బాలిక ఉన్న ఇంటి ముందు నిలబడినప్పుడు అంత బరువు ఉంటుంది.

ముప్పై ఏళ్ల తరువాత ఆ ఒక్క మాటను పట్టుకుని మొత్తం చిత్రం తీయబూనారు. దర్శకుడు పాల్ ష్రేడర్ పూర్తి చేసి ఇచ్చిన చిత్రం నిర్మాణ సంస్థకు నచ్చలేదు. భయం చాలలేదని, రెనీ హార్లిన్‌ను పిలిచి, అదే నటుడు స్టెల్లన్ స్కార్స్‌గార్డ్‌ను మళ్లీ పెట్టి, దాదాపు కొత్త చిత్రమే తీయించారు. అది 2004లో విడుదలై విఫలమైంది. 2005లో ష్రేడర్ చిత్రం ‘డొమినియన్’ పేరుతో బయటికి వచ్చింది. ఒకే ముందు కథను ఇద్దరు దర్శకులు రెండు రకాలుగా చెప్పిన ఇటువంటి అవకాశం అరుదు కాబట్టి, ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవారు రెండూ పక్కపక్కన చూడాలి. ఎముకలు, రక్తం, పురుగులతో నిండిన హార్లిన్ చిత్రం నాకు ఏమీ మిగల్చలేదు. ష్రేడర్ చిత్రంలో చూపించిన దెయ్యం బలహీనమే, కొన్ని దృశ్యాలు అసంపూర్తిగా కూడా ఉన్నాయి. కాని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక నాజీ అధికారి, తన ఊరివారిలో ఎవరిని కాల్చాలో నీవే ఎంపిక చేయమని మెర్రిన్‌ను నిలదీసే సన్నివేశం ఉన్నది. ఆ మనిషి దేవుడికి ఎందుకు దూరమయ్యాడో అక్కడ తెలుస్తుంది. అది దెయ్యాన్ని వివరించలేదు, దెయ్యం ముందు నిలబడబోయే మనిషిని వివరించింది. మంచి ప్రీక్వెల్‌కూ చెడ్డ ప్రీక్వెల్‌కూ నేను గీసే గీత అదే.

వెండి తెర:

అందరూ ‘ది నన్’ను ఒకే దెబ్బకు పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. 2018 వరకు ఆ వరుసలో అత్యధికంగా వసూలు చేసిన చిత్రం అదే, అంత మంది ఊరికే వెళ్లి ఉండరు. కథ పలుచగా ఉందని నేనూ ఒప్పుకుంటాను. కాని రుమేనియాకు వెళ్లి తీసిన ఆ కోటగోడలు, పొగమంచు పట్టిన శ్మశానం, పాతిపెట్టిన పెట్టెలో ప్రాణాలతో ఉన్నవాడు మోగించే గంట – ఇవన్నీ యాభై, అరవైల నాటి పాత భయానక చిత్రాల వాతావరణాన్ని తిరిగి తెచ్చాయి. నేను దానిని కంజూరింగ్‌కు వివరణగా చూడలేదు, ఒక పాత మఠంలో గడిపిన రాత్రిగా చూశాను. ఆ సన్యాసిని ఎవరో తెలిసినందువల్ల నాకు ఏ నష్టమూ జరగలేదు.

ఇంకొక మాట. సీక్వెల్, ప్రీక్వెల్ అన్న పేరు చూసి ముందే తీర్పు ఇవ్వకూడదనడానికి ‘విజా: ఆరిజిన్ ఆఫ్ ఈవిల్’ నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ. 2014లో వచ్చిన మొదటి ‘విజా’ గుర్తుంచుకోదగ్గ చిత్రం కాదు. దాని ముందు కథను 2016లో మైక్ ఫ్లానగన్ తీస్తూ, 1967 నాటి లాస్ ఏంజెలిస్‌లో, భర్త పోయిన తరువాత ఇద్దరు ఆడపిల్లలను పెంచడానికి ఆత్మలతో మాట్లాడిస్తానని నాటకమాడి బతికే తల్లిని కేంద్రంగా పెట్టుకున్నాడు. పాత చిత్రాలలో రీలు మారే ముందు తెర మూల కనిపించే చుక్కను కూడా అక్కడక్కడా పెట్టాడు. చిన్నప్పుడు మా ఊరి హాల్లో ఆ చుక్క కోసం ఎదురుచూసిన నాకు అది ఎంతో ఆత్మీయంగా అనిపించింది. అందులోని చిన్న పిల్లగా, ‘అనబెల్: క్రియేషన్’లోని లిండాగా నటించిన అమ్మాయి ఒక్కరే, లులూ విల్సన్.

కాలువ గట్టు:

ఈ చర్చ చదువుతుంటే మా ఊరి లాకుల దగ్గరి గది గుర్తుకు వచ్చింది. మాది గోదావరి డెల్టాలో కాలువ పక్క ఊరు. లాకులను ఆనుకుని, కాపలాదారు ఒకప్పుడు కాపురమున్న గది తాళం వేసి ఉండేది. పొద్దుగూకిన తరువాత ట్యూషను నుంచి తిరిగి వచ్చే పిల్లలమందరం, లోపల గాజుల చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటూ ఆ కాస్త దూరమూ పరుగు తీసేవాళ్లం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా మేనమామ అసలు సంగతి చెప్పాడు. ఆ కాపలాదారుకు కొత్తగా పెళ్లయింది, భార్య నీళ్ల కోసం రేవులో దిగి కొట్టుకుపోయింది, అతడు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు, ఆ తరువాత ఆ గదిలో ఎవరూ చేరలేదు. అది విన్న రోజు నుంచి నేను అక్కడ పరుగెత్తలేదు. మెల్లగా నడిచాను. భయం పోయింది, కాని దాని స్థానంలో వచ్చినది చిన్నది కాదు.

మన భాషలలోని దెయ్యం కథ చాలాకాలంగా చేస్తున్న పని ఇదేనని నాకు అనిపిస్తుంది. హాలీవుడ్ వారు విడిగా ప్రీక్వెల్ తీసి అమ్మేదాన్ని, మనవాళ్లు విశ్రాంతి తరువాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్పేస్తారు. 2011లో వచ్చిన లారెన్స్ ‘కాంచన’ను తీసుకోండి. మొదటి సగమంతా భయపడుతూ నవ్విన ప్రేక్షకులు, ఇంట్లోంచి గెంటివేయబడిన కాంచనగా శరత్‌కుమార్ కనిపించి, తనలాగే నిరాదరణకు గురైన మరొక పిల్లను చదివించి డాక్టరును చేయాలని పడిన తపన చూసేసరికి నిశ్శబ్దమైపోతారు. అక్కడి నుంచి దెయ్యం గెలవాలని మనమే కోరుకుంటాం. పాత రీలు గారు చెప్పిన జాలి, రాబ్ జాంబీ చిత్రాన్ని బలహీనపరిచిన అదే జాలి, ఇక్కడ చిత్రానికి ప్రాణమైంది. ఎందుకంటే ఇక్కడి కథకుడు మనల్ని భయం నుంచి జాలికి తీసుకువెళ్లి అక్కడే దించాడు, మళ్లీ వెనక్కి తీసుకురావాలని చూడలేదు.

దీనివల్ల మన వరుస చిత్రాలకు వేరే చిక్కు వచ్చిపడింది. గతం మొత్తం మొదటి చిత్రంలోనే చెప్పేస్తే రెండో దానికి ఏమి మిగులుతుంది? ‘ముని’ నుంచి ‘కాంచన 3’ వరకు 2007–2019 మధ్య వచ్చిన నాలుగు చిత్రాలలో, పిరికివాడైన కథానాయకుడిని అట్టే ఉంచి, ప్రతిసారీ కొత్త ఆత్మకు కొత్త అన్యాయాన్ని రాసుకున్నారు. ఆ దారి నిజాయితీగలదే, కాని మూడోసారికి అచ్చు పోసినట్టు కనిపించింది. ‘చంద్రముఖి’ సంగతి ఇంకా విచారకరం. అందులోని గంగ అనే ఇల్లాలికి పట్టినది దెయ్యమా, మనసుకు వచ్చిన జబ్బా అన్న సందేహంతో మనల్ని నడిపించి, చివరికి మనోవైద్యం వైపు మొగ్గిన కథ అది. దాని కొనసాగింపుగా 2010లో తెలుగులో వచ్చిన ‘నాగవల్లి’ ఆ సందేహాన్ని పక్కకు నెట్టి, పాత కథలోని నాటి రాజునే మన కాలంలోకి తెచ్చింది. ఆ కథలో మొదట మనల్ని పట్టి నిలిపిన సున్నితత్వం అక్కడితో పోయింది.

ఇటీవలి కాలంలో ‘మా ఊరి పొలిమేర’ నాకు ఆశ కలిగించింది. 2021లో ఓటీటీలో మొదటి భాగం, 2023లో థియేటర్లలో రెండో భాగం వచ్చాయి. చేతబడి చుట్టూ అల్లిన కథలో, మనం చూశామనుకున్న సంఘటననే రెండో భాగం మరొక వైపు నుంచి చూపించి అర్థం మార్చింది. మలుపులు మరీ ఎక్కువయ్యాయన్న విమర్శతో నేనూ ఏకీభవిస్తాను, అయినా వెనకటి కథను చెప్పడంలో అది ఒక తెలివైన పద్ధతి.

రెండో ఆట:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వెండి తెర గారు ‘విజా’ గురించి చెప్పిన మాట, కాలువ గట్టు గారి లాకుల గది, రెండూ నా ప్రశ్ననే మార్చివేశాయి. గతాన్ని చెప్పడం తప్పని నేను అనుకుంటూ వచ్చాను. 2014లో ఆ బొమ్మ చిత్రం చూసి వచ్చినప్పుడు నాకు భయమూ కలగలేదు, ఎవరి మీదా జాలీ కలగలేదు. నా నిరాశ దాని గురించేనని ఇప్పుడు తెలుస్తోంది.

మీ జవాబులను చెల్లెలికి చదివి వినిపించాను. కాస్త గునిసి, చివరికి 2013 చిత్రంతోనే మొదలుపెట్టడానికి ఒప్పుకున్నది. ఆదివారం రాత్రి అమ్మ పడుకున్న తరువాత ముందుగదిలో చూశాం. పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని చప్పట్లు విని వెతికే ఆటలో, బీరువాలోంచి రెండు చేతులు బయటికి వచ్చి చప్పట్లు కొట్టినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఈసారి గమనించిన విషయం ఒకటి ఉంది. ఆ ఇంటిని పట్టిన బత్‌షీబా గతాన్ని లొరేన్ కొద్ది మాటలలో చెప్పి ఊరుకుంటుంది: మంత్రగత్తె, కన్నబిడ్డను బలి ఇవ్వబోయింది, చెట్టుకు ఉరివేసుకుంది. ఒక్క దృశ్యమైనా వెనక్కి వెళ్లి చూపించరు. జేమ్స్ వాన్‌కు ఎక్కడ ఆపాలో తెలుసు.

పాత రీలు:

చాలా సంతోషం. రెండో రాత్రి ఏది చూస్తున్నారు?

రెండో ఆట:

నేను ‘ది కంజూరింగ్ 2’ అన్నాను. తను మాత్రం ఆ గాజు పెట్టెలోని బొమ్మ సంగతి ముందు తేల్చుకోవాలని ‘అనబెల్: క్రియేషన్’ అడుగుతోంది, కాకపోతే రాత్రి వద్దట, శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టమంటోంది.